ఘాటీ ఎక్కే ఇంజిన్‌కి ఏ వాల్వు మేలు: స్టీలా, సోడియమా, టైటానియమా?

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ చేరేసరికి ఇంజిన్ పడే కష్టం విశాఖ హైవే మీద వేగంగా పోయే బండి పడదు. సెకండ్ గేర్లో, యాక్సిలరేటర్ నొక్కిపట్టి, నాలుగైదు వేల ఆర్‌పీఎం మీద మలుపు తర్వాత మలుపు లాగాలి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి బలం పదో వంతు దాకా తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి కాలు ఇంకాస్త కిందికి దిగుతుంది. జయపురం, రాయగడ వైపు మారుతి జిప్సీ లాంటి బండి ఇంజిన్ విప్పి, కంప్రెషన్ పెంచి, పెద్ద క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) వేసి మళ్లీ కట్టించేవాళ్లు వాల్వుల బరువు కన్నా ముందు ఎగ్జాస్ట్ వాల్వు వేడి సంగతి చూసుకోవాలి.

లోపలికి దారిచ్చే ఇన్లెట్ వాల్వుని ప్రతిసారీ చల్లటి గాలి, పెట్రోలు తడుపుతూనే ఉంటాయి. కాలిన పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకి ఆ సుఖం లేదు. దాని తల 700 నుంచి 800 డిగ్రీల దగ్గర బతుకుతుంది. ఆ వేడిలో ముప్పావు వంతు, వాల్వు మూసుకున్న క్షణాల్లో సీటింగ్ (వాల్వు తల ఆనే చోటు, సీటు అన్నా ఇదే) గుండా ఇంజిన్ హెడ్డులోకి దిగుతుంది. మిగతాది స్టెమ్ (వాల్వు కాడ) మీదుగా, అది జారే గొట్టమైన గైడుకి పోతుంది. కింద చెప్పే రకాలన్నీ ఈ రెండు దారుల లెక్కతోనే తూచాలి.

ఇన్లెట్‌కి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కంపెనీవాళ్లు వేసే సిలికాన్-క్రోమ్ స్టీలు వాల్వే చాలు. కొత్తవి వేసి, గైడ్లు కొలిపించండి.

అసలు తేడా ఎగ్జాస్ట్ దగ్గరే. మామూలుగా దొరికేవి రెండు ముక్కల వాల్వులు: తల వేడికి ఓర్చే ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్, కాడ గట్టిపడే మామూలు వాల్వు స్టీలు, మధ్యలో ఫ్రిక్షన్ వెల్డింగ్ (రాపిడి వేడితో వేసిన అతుకు). రెండో రకం మొత్తం ఒకే ముక్కగా చేసిన 21-4ఎన్ స్టెయిన్‌లెస్. పేరులోనే ఉంది, దాదాపు 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, వీటితో పాటు మాంగనీసు, నైట్రోజన్. డబ్బా మీద ఏం రాసినా అయస్కాంతం నిజం చెబుతుంది. తలకి అంటకుండా కాడకి అంటితే అది రెండు ముక్కలది. ఎక్కడా అంటకపోతే ఒకే ముక్క 21-4ఎన్. కొనకి గట్టి లోహం అతికించి ఉంటే అక్కడ మాత్రం కొంచెం లాగొచ్చు. మొత్తం అంటుకుంటే అది ఎగ్జాస్ట్‌కి పనికిరాదు, షాపులోనే వెనక్కి ఇచ్చేయండి.

రెండు ముక్కలది నాసిరకమేమీ కాదు, రోజువారీ బండికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ ఆర్‌పీఎం పెంచి, గట్టి స్ప్రింగులు వేశాక ఆ అతుకు మీద నమ్మకం పెట్టుకోవడం అనవసరం. ఘాటీ బండికి మా ఓటు ఒకే ముక్క 21-4ఎన్‌కే. వాల్వు తల సీటుకి ఆనే అంచు మీద స్టెలైట్ (వేడికి అరగని గట్టి మిశ్రమలోహం) పూత ఉంటే మరీ మంచిది. రెండు జాగ్రత్తలున్నాయి. ఈ లోహం కాడని వేడిచేసి గట్టిపరచడం కుదరదు, కాబట్టి స్టెమ్‌కి క్రోమ్ పూతో నైట్రైడింగో (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరచడం) ఉండాలి, లేకపోతే గైడులో రాసుకుని గీతలు పడుతుంది. పైగా వేడికి మామూలు స్టీలు కన్నా ఎక్కువ సాగుతుంది. పాత వాల్వుకి సరిపోయిన గైడు దీనికి బిగుసుకోవచ్చు. 5.5 నుంచి 7 మిల్లీమీటర్ల స్టెమ్‌కి ఇన్లెట్‌లో 0.02–0.05, ఎగ్జాస్ట్‌లో 0.045–0.07 మిల్లీమీటర్ల సందు పెట్టించండి.

సోడియం వాల్వు ఆలోచన గొప్పది. 1920ల్లో విమాన ఇంజిన్ల కోసం ఇంజినీరు శామ్ హెరాన్ దాన్ని ఒక దారికి తెచ్చాడు. బోలు కాడలో సగానికి పైగా సోడియం నింపుతారు. అది 98 డిగ్రీలకే కరిగి, వాల్వు ఎగిరిపడుతుంటే పైకీ కిందికీ ఊగుతూ తల వేడిని కాడలోకి మోస్తుంది. తల చల్లబడుతుంది, నిజమే. కానీ ఆ వేడంతా గైడు నెత్తిన పడుతుంది. గైడు అరిగి సందు పెరిగితే వాల్వు వంకరగా కూర్చుంటుంది, సీటింగ్ పోతుంది. కంపెనీ నుంచే సోడియంతో వచ్చిన హెడ్డయితే అలాగే ఉంచండి. లేని హెడ్డుకి కొత్తగా పెట్టకండి. పాతబడిన సోడియం వాల్వుని కోయడం, రంధ్రం వేయడం, పంచ్‌గా వాడుకోవడం చేయొద్దు. లోపలి సోడియంకి నీళ్లు తగిలితే మంట లేస్తుంది, పేలుతుంది కూడా.

టైటానియం స్టీలు కన్నా సుమారు 40 శాతం తేలిక. తేలికైతే స్ప్రింగ్ మీద భారం తగ్గి, ఎక్కువ ఆర్‌పీఎం దాకా వాల్వు తేలిపోకుండా (సమయానికి మూసుకోకుండా పోకుండా) ఉంటుంది. షెవ్రోలే కార్వెట్ ఎల్ఎస్7 ఇంజిన్‌లో ఇన్లెట్‌కి టైటానియం, ఎగ్జాస్ట్‌కి సోడియం వేశారు. అక్కడ ఇన్లెట్ తలే 56 మిల్లీమీటర్లు, ఇంజిన్ 7000 దాకా తిరగాలి, అందుకే ఆ ఖర్చుకి అర్థముంది. మన 1.3 లీటర్, 16 వాల్వుల జిప్సీది 74 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). అందులో నాలుగేసి వాల్వులు పట్టాలంటే ఒక్కోటీ చిన్నదే, బరువు సమస్య మొదటి నుంచీ లేదు. ఆపైన టైటానియంకి మెత్తటి ప్రత్యేక సీటింగులు, కొనకి గట్టి టోపీలు కావాలి. పూత పోతుంది కాబట్టి సీటుకి ఆనించడానికి గ్రైండింగ్ పేస్టు పెట్టి రుద్దకూడదు. ఘాటీ బండికి ఇది వద్దు.

టర్బో బిగించి, ఎగ్జాస్ట్ వేడి నిలకడగా 850 దాటేలా ఉంటే మాత్రం నికెల్ మిశ్రమమైన ఇంకోనెల్ ఎగ్జాస్ట్ వాల్వు వేయించండి. టర్బో లేని ఇంజిన్‌కి ఆ డబ్బు సీటింగ్ పనికి పెట్టడం మేలు.

ఎందుకంటే కాలిపోయి వచ్చే ఎగ్జాస్ట్ వాల్వుల్లో లోహం తప్పు అరుదు. తల అంచున ఒకచోట వి ఆకారంలో కరిగిపోయి ఉంటుంది, మిగతా చుట్టూ బాగానే ఉంటుంది. ఆ ఒక్కచోట వాల్వు సీటుకి ఆనలేదని అర్థం. సీటింగ్ కోసినప్పుడు వాల్వు లోపలికి దిగి స్టెమ్ పైకి లేస్తుంది, టాపెట్ సందు (కాడ కొనకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) తగ్గుతుంది. సరిచేయకపోతే ఘాటీలో వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. నాక్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటక చప్పుడు) వస్తుందన్న భయంతో టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు పడే సమయం, మరీ వెనక్కి పెట్టినా మంట ఎగ్జాస్ట్‌లోకి జారి ఇదే గతి పడుతుంది.

45 డిగ్రీల సీటు వెడల్పు ఇన్లెట్‌కి 1.0–1.2, ఎగ్జాస్ట్‌కి 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. బలం కోసమని ఎగ్జాస్ట్ సీటు కూడా సన్నగా కోయిస్తే వేడి దిగే దారి మూసుకున్నట్టే. ఆనిన గుర్తు చూపే బ్లూ పేస్టు రాసి చూస్తే చుట్టూ తెగకుండా ఒకే గీత పడాలి. తర్వాత ప్లగ్గులు బిగించి, హెడ్డు తిరగేసి, పెట్రోలు మండే గిన్నెల్లో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు ఆగండి. పోర్టులో (వాల్వు వెనక గాలి దారిలో) తడి కనిపిస్తే ఆ వాల్వు మళ్లీ లేథుకి.

పెద్ద క్యామ్ వేసినవాళ్లు వాల్వు పిస్టన్‌కి తగలదని చూసుకోవడానికి పిస్టన్ మీద బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. మట్టి అన్నింటికన్నా పల్చగా నలిగినచోట ఇన్లెట్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లకి తగ్గితే స్టార్ట్ చేయొద్దు. పిస్టన్ జేబులు (వాల్వు తలకి చోటిచ్చే గుంటలు) లోతు చేయించాలి.