శాండ్‌విచ్ కుకీస్ మధ్యలో ఏది మేలు: వెన్న క్రీమా, నేతి క్రీమా, గనాషా?

ఇంట్లో శాండ్‌విచ్ కుకీస్ చేసేవాళ్లు ఎక్కువమంది బిస్కెట్ గురించే కొట్టుకుంటారు, నన్నడిగితే తేడా అంతా మధ్యలో పెట్టే క్రీమ్ దగ్గరే వస్తుంది, మన ఎండలకి అయితే మరీను. బిస్కెట్‌ది పెద్ద కష్టం కాదు: 125 గ్రాముల మైదా, 40 గ్రాముల కోకో, 100 గ్రాముల వెన్న, 90 గ్రాముల పంచదార పొడి, చిటికెడు ఉప్పు, ముద్ద కలవకపోతే ఒక చెంచా పాలు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి పల్చగా ఒత్తి, ఫోర్క్‌తో పొడిచి 170 డిగ్రీల్లో 12 నిమిషాలు. నల్ల పిండి కాబట్టి రంగు చూసి వేగిందో లేదో తెలీదు, అంచు మీద వేలు పెట్టి చూడాలి, గట్టిపడితే తీసేయడమే, మిగతాది చల్లారేటప్పుడు అదే కరకరలాడుతుంది.

ఇక క్రీమ్. చూడాల్సింది ఒక్కటే, అందులో నీళ్లు ఎంత ఉన్నాయి అని. పొడి బిస్కెట్ పక్కన తడి క్రీమ్ ఉంటే ఆ తడి అంతా బిస్కెట్‌లోకి వెళ్లిపోతుంది, తెల్లారేసరికి మెత్తబడుతుంది. కొట్లో క్రీమ్ బిస్కెట్లు నెలల తరబడి కరకరలాడేది ఇందుకే, వాటిల్లో ఎక్కువగా వాడేది పామాయిల్ లాంటి నీళ్లు లేని కొవ్వు. 1912లో అమెరికాలో మొదలైన ఓరియోలో కూడా 1990ల దాకా క్రీమ్‌కి పంది కొవ్వే వాడేవాళ్లు, తర్వాత నూనెలకి మారారు, మన దగ్గరికి అది 2011లో వచ్చేసరికి ఆ గొడవే లేదనుకోండి. కొవ్వు ఏదైనా నీళ్లు లేనిదే పట్టుకున్నారు, అది గమనించాలి.

మనం వాడే వెన్నలో 80 శాతం దాకా కొవ్వు, మిగతాది చాలావరకు నీళ్లే. అయినా వెన్న క్రీమ్‌లో పంచదార పొడి రెట్టింపు పడుతుంది కాబట్టి ఆ నీళ్లని పంచదార పట్టేసుకుంటుంది, బిస్కెట్ వెంటనే ఏం మెత్తబడదు. ఇంకో లాభం, ఆ కాస్త తడికి పంచదార కొంచెం కరిగి నాలుక మీద నున్నగా ఉంటుంది. రుచికి ఇదే బెస్ట్, చాక్లెట్ బిస్కెట్‌కి ఇంతకు మించింది లేదు, ఉప్పు వెన్న అయినా పర్లేదు, ఇంకా బాగుంటుంది కూడా. కానీ వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటింట్లో కూర్చుని రెండు బిస్కెట్లు అదిమితే క్రీమ్ మొత్తం పక్కల నుంచి బయటికి వచ్చేస్తుంది. ఎండాకాలం అయితే ఫ్రిజ్ నుంచి తీసి తినాల్సిందే.

నేతి క్రీమ్ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు మాత్రం ఇదంటే ప్రాణం. పేరుకున్న నెయ్యి 50 గ్రాములు, పంచదార పొడి 100, పాలపొడి ఒక టేబుల్ స్పూన్, యాలకుల పొడి. నెయ్యిలో నీళ్లు దాదాపు ఉండవు, అందుకే బిస్కెట్ రోజుల తరబడి కరకరలాడుతూనే ఉంటుంది. నీళ్లు లేకపోవడం వల్లే ఒక చిక్కు కూడా ఉంది, పంచదార కరగదు, కొవ్వులో పంచదార కరగదు కదా, మిక్సీలో వేసిన పొడిలో పలుకు ఉంటే ప్రతి పలుకూ పంటికి తగులుతుంది. రెండుసార్లు మిక్సీ వేసి పల్చటి బట్టలో జల్లించాల్సిందే. నెయ్యి వేడి చేసి పోయకూడదు, గడ్డగా ఉన్నదాన్నే చెంచాతో గిలక్కొట్టాలి, తెల్లగా నురగలా అవుతుంది. ఇది కోకో బిస్కెట్‌కి మాత్రం వద్దు, నేతి వాసన, కోకో చేదు రెండూ కొట్టుకుంటాయి. ఉస్మానియా బిస్కెట్ లాగా కాస్త ఉప్పు, కాస్త తీపి ఉండే పాల బిస్కెట్ చేసి దాని మధ్యలో పెట్టి చూడండి, చాయ్ పక్కన అలా కుదురుతుంది. ఎండకి ఇది కూడా మెత్తబడేదే, ఆ విషయంలో వెన్నకీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఎండకి ఆగాలంటే వనస్పతి వాడమంటారు కొంతమంది. ఆగుతుంది, నిజమే, గుండెకి చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అందులో 2 శాతం దాటకూడదని 2022 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రూల్ కూడా వచ్చింది. కానీ నోట్లో వెంటనే కరగక అంగిటికి జిడ్డుగా అంటుకుపోతుంది, ఇంట్లో ఇంత కష్టపడి చేసుకుని ఆ రుచి ఎందుకు అని నేను వాడను.

గనాష్ అంటే డార్క్ చాక్లెట్ రెండు వంతులు, వేడి క్రీమ్ ఒక వంతు. చూడ్డానికి దీని ముందు ఏదీ నిలబడదు. కానీ ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, మిగతాది చాలావరకు నీళ్లే కాబట్టి మర్నాటికి బిస్కెట్ కేక్ లాగా మెత్తబడిపోతుంది. పిల్లలకి అలా మెత్తగా ఉంటేనే ఇష్టం అయితే ఇదే చేసేయండి, కరకర కావాలంటే తినే ముందే పూయాలి. పాల క్రీమ్ ఉంది కాబట్టి మన వేడికి బయట పెట్టకూడదు. జామ్‌లో తడి ఇంకా ఎక్కువ, అది ఆ పూటకే.

కాబట్టి పుట్టినరోజుకి ఇంట్లోనే తినేవైతే కోకో బిస్కెట్, వెన్న క్రీమ్. హాస్టల్‌కి డబ్బాలో పంపాలంటే పాల బిస్కెట్, నేతి క్రీమ్, అదీ చలికాలంలోనే. ఎండాకాలం అయితే ఉత్త బిస్కెట్లు ఒక డబ్బాలో, క్రీమ్ ఇంకో సీసాలో గట్టిగా మూతపెట్టి పంపడమే, అక్కడ వాళ్లే పూసుకుని తింటారు.