డే స్కాలర్ డిగ్రీ తర్వాత పెద్ద క్యాంపస్: ఓయూనా, హెచ్‌సీయూనా?

డిగ్రీ మధ్యలో పెద్ద యూనివర్సిటీకి మారిపోదామనుకుంటే హైదరాబాద్‌లో ఆ దారి దాదాపు లేనట్టే. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం దోస్త్‌లో వచ్చిన కాలేజీ నుంచి ఇంకో అనుబంధ కాలేజీకి మారడం వేరు, క్యాంపస్‌లో సీటు సంపాదించడం వేరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నా వాటిలో ఇంటర్ అవగానే చేరాలి. పాలిటెక్నిక్ వాళ్లకైతే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. మిగతా అందరికీ అసలు తలుపు పీజీయే.

చదువు వరకే చూస్తే మా ఓటు హెచ్‌సీయూకే. కానీ మూడేళ్లు బస్‌పాస్ మీద తిరిగి, పరీక్షకు వారం ముందు జిరాక్స్ షాపులో ముఖ్యమైన ప్రశ్నల కట్ట కొని గట్టెక్కినవాళ్లకు అక్కడ మొదటి సెమిస్టర్ చుక్కలు చూపిస్తుంది. నూటికి నలభై మార్కులు సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు, అసైన్‌మెంట్లవే (ఇంటర్నల్స్). పాఠం చెప్పినవాళ్లే పేపరిస్తారు, వాళ్లే దిద్దుతారు. గైడు పనికిరాదు. అసైన్‌మెంటు ఇంటర్నెట్ నుంచి ఎత్తి రాస్తే దొరికిపోతారు. హాజరు 75 శాతం ఉండాలి. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ వైపు మనసున్నవాళ్లకు ఇంతకంటే మంచి శిక్షణ నగరంలో దొరకడం కష్టం. గ్రూప్స్‌కో, జూనియర్ లెక్చరర్ (జేఎల్) పోస్టుకో చదువుతూ పక్కన పీజీ కూడా అయిపోవాలనుకునేవాళ్లకు ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ)యే నప్పుతుంది. చుట్టూ అదే చదువు చదివేవాళ్లు, అవే పుస్తకాలు, అవే చర్చలు.

హెచ్‌సీయూలో ఎక్కువ పీజీ కోర్సులకు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ఎంసీఏకి నిమ్‌సెట్, ఎంబీఏకి క్యాట్ చూస్తారు. చాలామంది బోల్తా పడేది పరీక్షలో కాదు, ఆ తర్వాత. ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ స్కోరు ఇస్తుందే కానీ సీటు ఇవ్వదు. యూనివర్సిటీ సొంత పోర్టల్‌లో కోర్సు వారీగా మళ్లీ దరఖాస్తు చేసి, ఫీజు కట్టాలి. మంచి స్కోరు తెచ్చుకుని, సీటు దానంతటదే వస్తుందని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాళ్లకు సీటు రాదు. ఆ నోటిఫికేషన్ గడువు కూడా పెద్దగా ఉండదు.

రెండో గుంట కుల ధ్రువీకరణ. ఇది సెంట్రల్ యూనివర్సిటీ. మన బీసీ–ఏ, బీసీ–బీ సర్టిఫికెట్ ఓయూలో చెల్లుతుంది, అక్కడ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో, నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కాదు) అని రాసిన ఓబీసీ సర్టిఫికెట్ తెమ్మంటారు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు. అందుకే పరీక్ష ఫారం నింపకముందే కేంద్రం జాబితాలో పేరు చూసుకోవాలి. మీసేవలో దరఖాస్తు పెట్టేటప్పుడు ‘సెంట్రల్ ఓబీసీ’ అని విడిగా చెప్పాలి, లేకపోతే మామూలుదే చేతిలో పెడతారు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీలు) వాళ్లు సర్టిఫికెట్‌ను ఆ ఆర్థిక సంవత్సరానిదే తీసుకోవాలి. పాతది తీసుకెళ్తే ఓపెన్‌లోకి నెట్టేస్తారు.

ఓయూకి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. 100 ప్రశ్నలు, గంటన్నర. చాలా ఎంఏలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది కాబట్టి బీకాం చదివినవాళ్లు కూడా ఎంఏలో చేరొచ్చు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఆన్‌లైన్‌లో కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర. ‘ఓయూలో సీటు’ అంటే తార్నాకలోని ప్రధాన క్యాంపస్ అనే అనుకుంటారు. జాబితాలో ఆర్ట్స్ కాలేజీ, సైన్స్ కాలేజీతోపాటు నిజాం కాలేజీ, సికింద్రాబాద్ పీజీ కాలేజీ, జిల్లాల్లోని పీజీ కాలేజీలు, ప్రైవేటు అనుబంధ కాలేజీలు అన్నీ కలగలిసి ఉంటాయి. పట్టా మీద ఉస్మానియా అనే ఉంటుంది, కానీ లైబ్రరీ, హాస్టల్, సీనియర్ల సావాసం మారిపోతాయి. ప్రైవేటు కాలేజీ వస్తే మళ్లీ డిగ్రీ కాలేజీలో కూర్చున్నట్టే. రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్సా అన్నదీ ఆప్షన్ పక్కనే చూడాలి, ఫీజు అక్కడే తేడా కొడుతుంది. ఇష్టం లేని కాలేజీని ‘ఉండనీలే’ అని చివర్లో పెట్టొద్దు, తరచూ వచ్చేది అదే.

ప్రయాణం సంగతి. 1918లో పుట్టిన ఓయూ చుట్టూ నగరమంతా పెరిగింది. తార్నాక మెట్రో ఉంది, ఎంఎంటీఎస్‌కి ఆర్ట్స్ కాలేజీ పేరుతో స్టేషనే ఉంది. ఉప్పల్, సికింద్రాబాద్, మల్కాజిగిరి వాళ్లు ఇంటి నుంచి వెళ్లిరావచ్చు. 1974లో వచ్చిన హెచ్‌సీయూ ఊరికి ఆ చివర. దిల్‌సుఖ్‌నగర్ నుంచైతే అమీర్‌పేటలో మెట్రో మారి, రాయదుర్గంలో దిగి, మళ్లీ బస్సు పట్టాలి. లోపల గేటు నుంచి సౌత్ క్యాంపస్ దాకా నడక ఇంకోటి, సైకిల్ లేకపోతే కాళ్లు పీకుతాయి. సాయంత్రం సెమినార్లు, రాత్రి లైబ్రరీ లేకుండా ఆ క్యాంపస్ సగమే దక్కుతుంది. నగరంలో ఇల్లున్నవాళ్లు హాస్టల్ ఖాయమనుకుని ఫీజు కట్టొద్దు. గదులు ఎవరికి ముందు ఇస్తారో ప్రాస్పెక్టస్‌లో చదివి, అవసరమైతే లింగంపల్లి వైపు పేయింగ్ గెస్ట్ ఖర్చు లెక్కేసుకోవాలి.

కాగితాల పని ఆరో సెమిస్టర్ పరీక్షలప్పుడే మొదలుపెట్టాలి. టీసీ, బోనఫైడ్ కాలేజీ ఇస్తుంది. వేరే యూనివర్సిటీలో చేరడానికి కావలసిన మైగ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం యూనివర్సిటీ నుంచి తెచ్చుకోవాలి. ఓయూ అనుబంధ కాలేజీ నుంచి ఓయూకే వెళ్లేవాళ్లకు దాంతో పని లేదు. ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉన్నాయి. స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈపాస్‌లో స్టేటస్ ప్రింటు తీసి, ప్రిన్సిపల్‌కి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. బ్యాక్‌లాగ్ ఒక్కటున్నా ఈ రెండు యూనివర్సిటీలకూ గడువులోగా పాసైన మెమో చూపించాల్సిందే. ఆ తేదీ ముందే చూసుకోవాలి.