43 అంగుళాల స్మార్ట్ టీవీ: ఆరు నెలలు వాడిన తరువాత

నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో 26,000 రూపాయలకు కొన్న 43 అంగుళాల స్మార్ట్ టీవీని ఆరు నెలలుగా కావలిలోని మా ఇంట్లో వాడుతున్నాము. బొమ్మ స్పష్టంగా ఉంది, ధ్వని ముందు గదికి సరిపోతుంది. నేను ముఖ్యంగా చెప్పదలచినది, చేతిలో ఫోన్లు పట్టుకుని దాని ఎదుట కూర్చున్న మా నలుగురి చూపు ఎంతసేపు టీవీమీద నిలుస్తున్నదన్న సంగతి.

క్రికెట్టు దగ్గర మాకు పెద్ద ఇబ్బంది ఎదురైంది. ఇంటర్నెట్టులో వచ్చే ప్రసారాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా చేసి పంపుతారు. బొమ్మ మధ్యలో ఆగిపోకుండా ఉండడానికి టీవీ వాటిలో కొన్నింటిని ముందుగా నిల్వ చేసుకుని, ఆ తరువాతే చూపుతుంది. అందువల్ల మా టీవీలో బౌలరు ఇంకా పరుగు మొదలుపెట్టకముందే మా అబ్బాయి ఫోనులో వికెట్ పడినట్లు స్కోరు వచ్చేది, కేబుల్ ఉన్న పక్కింటి నుంచి కేకలు వినిపించేవి. ఫలితం తెలిసిపోయిన బంతిమీద ఆసక్తి నిలవదు కనుక, వారం తిరగకుండా అందరి కళ్లూ ఫోన్లమీదికే వెళ్లాయి. అటకమీద పెట్టిన కేబుల్ సెట్‌టాప్ బాక్సును దించి తగిలించి, స్కోరు నోటిఫికేషన్లు ఆపివేసిన తరువాతనే మళ్లీ కలిసి ఆట చూడగలిగాము.

రిమోటుతో సినిమా పేరును ఒక్కొక్క అక్షరంగా ఎంచుకోవడం కష్టమని, ఫోనునే రిమోటుగా వాడుకునే సౌకర్యం ఇచ్చారు. అది చక్కగానే పనిచేస్తుంది, కాని పేరు టైపు చేయడానికి తీసిన ఫోను వాట్సాప్ సందేశం దగ్గర ఆగిపోతుంది, సినిమా మొదలైనా చేతిలోనే ఉండిపోతుంది. రిమోటులోని మైకు తెలుగు పేర్లను బాగానే గుర్తిస్తున్నది. దానినే వాడమని నా సలహా.

మా అత్తగారు సీరియల్‌ను వింటూ ఫోనులో మనవరాలి ఫొటోలు చూస్తారు. మాటలమీద నడిచే కథ కాబట్టి ఆమెకు ఏదీ తప్పిపోదు, అందులో నాకు తప్పు కనిపించలేదు. అయితే తెలుగు సబ్‌టైటిళ్లతో ఒక మలయాళ సినిమా పెట్టిన రాత్రి, ఎవరూ చెప్పకుండానే నలుగురమూ ఫోన్లు పక్కన పెట్టాము. చదవకపోతే కథ అందదు మరి. సబ్‌టైటిళ్ల అక్షరాలను పెద్దవి చేసుకునే ఏర్పాటు ఉండడం వల్ల అత్తగారు కూడా కళ్లజోడుతో హాయిగా చదవగలిగారు. ఈ టీవీలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. సినిమాల కోసమైతే నిస్సంకోచంగా కొనవచ్చు. క్రికెట్టు చూసే ఇళ్లవారు మాత్రం కేబుల్ కనెక్షన్ తీసివేయవద్దు.