పసుపు లైటుతో కాపురం: వారంటీ దాటిన ఓ యూరప్ స్పోర్ట్ సెడాన్‌పై సమీక్ష

ఈ కారు నన్ను ఎప్పుడూ నడిరోడ్డు మీద వదిలేయలేదు. అలాగని మీటరులో ఏ లైటూ వెలగకుండా ఎక్కువకాలం నడిచిందీ లేదు. ఏళ్ల తరబడి వాడాక నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే. కొత్త కార్ల మీద రాసేవాళ్లు వారం రోజులు తోలి, స్టీరింగ్ గురించి రెండు పేరాలు, సీట్ల గురించి ఒక పేరా రాసి ఊరుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, వారం రోజుల్లో గాస్కెట్టు (రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా వేసే రబ్బరు సీలు) గట్టిపడదు కదా. వారంటీ ముగిసి, లక్ష కిలోమీటర్లు దాటాక ఇలాంటి బండితో ఎలా ఉంటుందో చెప్పేవాళ్లే తక్కువ.

కంపెనీ పేరు రాయడం లేదు. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, డిక్కీలో స్టెప్నీ లేదు. ఇంత చెబితే చాలు. ఈ తరగతిలో బానెట్ మీద ఏ గుర్తు ఉన్నా జబ్బులు ఇంచుమించు ఇవే.

నడపడం గురించి ఎక్కువ చెప్పను. బరువు ముందుకూ వెనక్కూ దాదాపు సమానంగా పడడం వల్ల మలుపులో ముక్కు బయటికి లాగదు. టర్బో తక్కువ ఆర్‌పీఎంలోనే అందుకుంటుంది కాబట్టి ఓవర్‌టేక్‌కు ముందు లెక్కలు వేసుకోనక్కర్లేదు. గేర్లు మారుతున్నట్టే తెలియదు. లక్ష దాటాక కూడా వీటిలో ఏదీ తగ్గలేదు. విసుగొచ్చినప్పుడల్లా అమ్మేద్దామనుకుని మళ్లీ ఆగిపోయింది ఇందుకే.

ఇక జబ్బుల సంగతి. అన్నిటికన్నా ఎక్కువగా విసిగించింది మిస్సింగ్, అంటే ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతుంది, ఒక సిలిండరు మిస్సింగ్ కొడుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. పసుపు రంగు ఇంజిన్ లైటు మాత్రం ఉండిపోతుంది. కారు కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ0302, అంటే రెండో సిలిండరులో మిస్‌ఫైర్. వర్క్‌షాపులో ఆ సిలిండరు స్పార్క్ ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ మార్చారు. కొన్ని నెలలు హాయిగా నడిచింది. తర్వాత మళ్లీ అదే వణుకు, అదే కోడు, మళ్లీ కొత్త కాయిల్. "ఈ కార్లలో కాయిల్స్ తొందరగా పోతాయి సార్, మామూలే" అన్నారు. పోతాయి, నిజమే. కానీ నాలుగు సిలిండర్లుంటే ప్రతిసారీ రెండోదానికే ఎందుకు పోవాలి?

కాయిల్ బయటికి లాగి చూస్తే జవాబు దాని రబ్బరు గొట్టం మీదే ఉంది. మిగతా మూడింటి రబ్బరు పొడిగా, గట్టిగా ఉంది. దీనిది మాత్రం ఉబ్బి, మెత్తబడి, నొక్కితే వేలిముద్ర పడేలా తయారైంది. టార్చి వేసి చూస్తే ప్లగ్గు కూర్చునే బావి అడుగున ఇంజిన్ ఆయిల్ నిలిచి మెరుస్తోంది. ఇంజిన్ పైమూత అయిన వాల్వ్ కవరు గాస్కెట్టుకు చుట్టూ ఒక బయటి అంచు, ప్లగ్గు బావుల చుట్టూ లోపలి అంచులు ఉంటాయి. బయటి అంచు కారితే ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి కాలిన వాసన కొడుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. లోపలి అంచు కారితే వాసనా ఉండదు, నేల మీద చుక్కా ఉండదు. బావిలో చేరిన ఆయిల్ రబ్బరును నానబెడుతుంది, స్పార్కు ప్లగ్గు దాకా వెళ్లకుండా పక్కదారి పడుతుంది, పాపం కాయిల్ బలవుతుంది.

గాస్కెట్టు వేసినా పని అయిపోదు. క్రాంక్‌కేసులో (ఇంజిన్ కింది భాగంలో) పేరుకునే ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపే పీసీవీ వాల్వు ఈ ఇంజిన్‌లో అదే ప్లాస్టిక్ కవరులో భాగం. అందులో ఒక పలుచని రబ్బరు పొర ఉంటుంది. అది పాడైతే లోపలి ఒత్తిడి లెక్క తప్పి, ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి బయటికొస్తుంది. గాస్కెట్టు ఒక్కటే మార్చి పాత కవరే బిగిస్తే మళ్లీ కారడానికి ఎంతోకాలం పట్టదు. ఐడిల్‌లో సన్నగా ఈల వినిపించడం, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయబోతే లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు రాకపోవడం, పీ0171 అనే లీన్ కోడు (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని చెప్పేది) రావడం, ఇవన్నీ ఆ పొర చిరిగిందనడానికి గుర్తులే. కవరు మొత్తం కొత్తది వేయించాక రెండో సిలిండరు మళ్లీ నోరెత్తలేదు.

తిరిగి తిరిగి వచ్చే లోపాల్లో చాలావాటి తీరు ఇంతే. పోయిన భాగం ఒకటి, దాన్ని పోగొట్టేది పక్కనున్న ఇంకొకటి. వర్క్‌షాపు బిల్లులో మొదటిది కనిపిస్తుంది, రెండోది బానెట్ కిందే ఉండిపోతుంది. స్కానర్ కూడా ఇక్కడ సగం సాయమే చేస్తుంది. ఎక్కడ నొప్పో చెబుతుంది, ఎందుకో చెప్పదు. అయినా స్కానర్ చేతిలో ఉంటే వర్క్‌షాపు వాళ్లతో మాట్లాడే తీరే మారిపోతుంది. కాయిల్ నిజంగా పోయిందా అని తేల్చడానికి రెండో సిలిండరుది తీసి మూడోదాంట్లో పెట్టి తోలి చూస్తే చాలు. కోడు పీ0303కి మారితే కాయిల్‌దే తప్పు. పీ0302 దగ్గరే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషను చూడాలి. ఈ పనికి పైసా ఖర్చు లేదు, అయినా అడిగేదాకా ఎవరూ చేయరు.

ఇదంతా ఎందుకు ఇంత తొందరగా గట్టిపడి, పగిలి, కారుతుందంటే, వేడి వల్ల. మామూలుగా తోలుతున్నప్పుడు పెట్రోలు ఆదా కోసం కంప్యూటరు ఈ ఇంజిన్‌ను 100 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంచుతుంది. గట్టిగా తొక్కినప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌లోని మైనాన్ని కరెంటుతో వేడిచేసి, అది ముందే తెరుచుకునేలా చేసి చల్లబరుస్తుంది. మైలేజీ, పికప్ రెండూ ఒకే ఇంజిన్‌లో దొరకడానికి కారణాల్లో ఇదొకటి. పక్కనే టర్బో, పైన శబ్దం ఆపే కవరు, చుట్టూ గాలి ఆడని ఇరుకు. ఆ ఇరుకులో ఉన్న హౌసింగులు, పైపుల కొసలు, కూలెంట్ ట్యాంకు అన్నీ ప్లాస్టిక్కే. రోజూ కాగి చల్లారే ప్లాస్టిక్ కొన్నేళ్లకు పెళుసుబారుతుంది. మనకు నచ్చిన నడక, మనకు నచ్చని లీకు రెండూ ఒకే డ్రాయింగు బోర్డు మీద పుట్టాయన్నమాట.

కూలెంట్ తగ్గిందన్న హెచ్చరిక కొంతకాలం నన్ను బాగా ఆడించింది. నింపితే పోతుంది, మళ్లీ వస్తుంది. కారు కింద నేల పొడిగా ఉంటుంది. కారింది వేడి లోహం మీద పడి ఆవిరైపోతుంది కాబట్టి చుక్క కనిపించదు. ఎండిన చార మాత్రం మిగులుతుంది, బానెట్ ఎత్తగానే ఓ రకం తీపి వాసన తగులుతుంది. ట్యాంకు రెండు సగాలు అతికిన గీత వెంట వెంట్రుకంత చీలిక ఉంది. అది చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకునేది. వర్క్‌షాపులో బండి చల్లారాక చూస్తే ఏమీ దొరకదు మరి. చేతిపంపుతో ఒత్తిడి పెట్టి పరీక్షించమని పట్టుబట్టాకే బయటపడింది. ఆయిల్ ఫిల్టరు హౌసింగు గాస్కెట్టుదీ ఇలాంటి కథే, దాని గురించి ప్రత్యేకంగా చెప్పేదేం లేదు. కారుతుంది, మార్చాలి, కారిన ఆయిల్ బెల్టు మీద పడకముందే మార్చాలి.

కరెంటు జబ్బులు ఇంకో రకం. ఇవి ప్రమాదం చేయవు గానీ ప్రాణం విసిగిస్తాయి. నంబరు ప్లేటు లైటు పనిచేయడం లేదని మీటరులో సందేశం వస్తుంది. దిగి చూస్తే లైటు వెలుగుతూనే ఉంటుంది. బల్బు మార్చారు, పోలేదు. ఎల్‌ఈడీ వేశారు, అది తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి బల్బే లేదనుకుని కంప్యూటరు ఇంకా ఎక్కువ గోల చేసింది. కొన్నాళ్లకు డిక్కీ బటన్ కూడా ఒకసారి తెరిస్తే రెండోసారి తెరవడం మానేసింది. వేర్వేరు లోపాల్లా కనిపించే ఈ రెండింటికీ దారి ఒక్కటే. డిక్కీ మూత కీలు దగ్గర ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టం, దాని గుండా వెళ్లే వైర్ల కట్ట. మూత తీసి వేసిన ప్రతిసారీ ఆ వైర్లు అక్కడే వంగుతాయి. గొట్టం వెనక్కి లాగి చూస్తే గోధుమరంగు ఎర్త్ వైరు పై తొడుగు చుట్టూ తెగిపోయి ఉంది, లోపలి రాగి తీగలు చిలుము పట్టి పచ్చబడ్డాయి, వాటిలో రెండు మూడు పోగులే పట్టుకుని ఉన్నాయి. మూత ఒక కోణంలో ఉంటే అవి ఆనుకుంటాయి, ఇంకో కోణంలో విడిపోతాయి. మెత్తని సిలికాన్ తొడుగున్న కొత్త వైరు ముక్క వేసి, అతుకు వంగని చోటికి జరిపి సోల్డరింగ్ చేయించాక రెండు గోలలూ ఒకేసారి ఆగిపోయాయి. చిన్న పని. కాకపోతే బల్బు చూసేవాడు కీలు దాకా రాడు.

బ్యాటరీ విషయంలో ఒక హెచ్చరిక. ఈ కార్లలో బ్యాటరీ మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడం ఒక్కటే కాదు, కొత్తది పెట్టినట్టు స్కానర్‌తో కంప్యూటరుకు చెప్పాలి. చెప్పకపోతే అది పాత బ్యాటరీ వయసును బట్టే చార్జి చేస్తూ పోతుంది, కొత్తదాని ఆయుష్షు తగ్గుతుంది. బ్యాటరీ బలహీనపడుతోందని మొదట చెప్పేది సెల్ఫు మోటారు కాదు, స్టార్ట్ స్టాప్. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగడం మానేసిందంటే వోల్టేజీ చూసుకోవాలి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే నిశ్చింత. 12.2కు దిగితే సగం ఖాళీ. వోల్టేజీ తగ్గిన రోజు సంబంధం లేని హెచ్చరికలన్నీ ఒకేసారి వెలుగుతాయి. స్టీరింగ్, బ్రేకు, పార్కింగ్ సెన్సరు అన్నీ పోయాయని మీటరు చెబుతుంటే గుండె జారుతుంది. నా అనుభవంలో అలాంటి క్రిస్మస్ చెట్టు వెలిగిన ప్రతిసారీ దోషం బ్యాటరీదే.

సస్పెన్షన్‌లో బుష్‌లు (కీళ్ల దగ్గర కుదుపు తట్టుకునే రబ్బరు ముక్కలు) అరుగుతాయి, అది ఏ కారుకైనా తప్పదు. ఇందులో తేడా ఏమిటంటే స్టీరింగ్‌కు ఆ స్పష్టత ఇవ్వడానికి ముందు ఆర్ముల్లో ద్రవం నింపిన బుష్‌లు వాడతారు. అవి చిరిగి ద్రవం కారిపోయాక వేగంగా వెళ్తూ బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. దీనికి డిస్కులు వంకరపోయాయని డిస్కులు మార్చేస్తారు. కొత్త డిస్కులతో కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ మొదలు. ముందు బుష్ చూడమనండి. రన్‌ఫ్లాట్ టైర్ల పక్కగోడలు గట్టివి కాబట్టి దెబ్బ ఎక్కువ భాగం ఈ బుష్‌ల మీదే పడుతుంది. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా సుమారు 80 కిలోమీటర్లు వెళ్లవచ్చన్నది వాటి వరం. మిగతా రోజుల్లో నడుముకు శాపం. మామూలు టైర్లకు మారి, డిక్కీలో పంక్చరు కిట్టు, చిన్న పంపు పెట్టుకున్నాక కారే కొత్తదైనట్టుంది.

లోపలి గొడవల్లో పవర్ విండో ఒక్కటి చెబితే చాలు. అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి అద్దం తలుపులో పడింది. బాగుచేయడానికి తలుపు ప్యానెల్ ఊడదీస్తే దాని క్లిప్పులు రెండు విరిగాయి, అప్పట్నుంచి ఆ తలుపు కటకటలాడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ప్యానెల్ విప్పే పని ఏదైనా ఉంటే కొత్త క్లిప్పుల పొట్లం ముందే తెచ్చి చేతికివ్వడం నా అలవాటైంది. బటన్ల మీద మెత్తని పూత జిగురు జిగురుగా తయారవడం, అద్దాల మడత అప్పుడప్పుడూ మొరాయించడం, వీటిని నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

ఏ లైటుకు ఆగాలి, దేన్ని ఆదివారానికి వాయిదా వేయాలి అన్నది మాత్రం పక్కాగా తెలిసుండాలి. ఎర్రగా ఆయిల్ డబ్బా గుర్తు గానీ ఇంజిన్ వేడి హెచ్చరిక గానీ వస్తే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయడమే, ఇంకో కిలోమీటరు కూడా వద్దు. ఇంజిన్ లైటు పసుపే అయినా మిణుకు మిణుకుమంటుంటే అదీ అంత తేలిక కాదు. మిస్‌ఫైర్ వల్ల మండని పెట్రోలు పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరులోకి వెళ్లి అక్కడ మండుతోందని దాని అర్థం. కాయిల్‌తో పోయేది కన్వర్టరు దాకా వెళ్తుంది. నిలకడగా వెలిగే పసుపు లైటుకు ముందు కోడు చదవండి, తర్వాత కంగారుపడవచ్చు.

మొత్తం మీద ఈ కారు ఎవరికి సరిపోతుంది? రోజూ టైముకు ఆఫీసు చేరడానికి ఇంట్లో ఇదొక్కటే బండి అయితే వద్దు. జబ్బులు చిన్నవే గానీ ప్రతిదానికీ బండిని రోజంతా ఎక్కడో ఒకచోట వదలాలి. బానెట్ ఎత్తి చూడడం చిరాకనుకునేవాళ్లకు అసలే వద్దు. అధికారిక సర్వీసు సెంటరుకు బయట, ఈ ఇంజిన్లు విప్పిన చెయ్యి ఉన్న మెకానిక్ ఒకరు దొరికితే మాత్రం ఖర్చు, చిరాకు రెండూ సగానికి దిగుతాయి. నేనైతే మళ్లీ ఇదే కొంటాను.

సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు ముందే ఇంజిన్ వేడి చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడే నిజం చెబుతుంది. కూలెంట్ మట్టం చూడండి. కుదిరితే ఒక కాయిల్ పైకి లాగించండి, రబ్బరు పొడిగా ఉందో లేదో తెలుస్తుంది. స్కానర్ పెట్టినప్పుడు కోడ్లు ఏమీ లేకపోతే సంతోషపడకండి. ఆ ఉదయమే చెరిపేసి ఉండొచ్చు, రెడీనెస్ మానిటర్లు (కోడ్లు చెరిపాక కంప్యూటరు మళ్లీ మొదట్నుంచి చేసే స్వీయ పరీక్షలు) పూర్తయ్యాయో లేదో చూస్తే దొరికిపోతుంది. చివరగా గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగండి. జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు చెప్పినా, ఈ ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. ఫిల్టరు అడుగు పాన్‌లోనే (గేర్‌బాక్స్ కింది ఆయిల్ పళ్లెంలోనే) కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం కొత్తది వేయాలి. "దీనికి మార్చక్కర్లేదటండీ" అని అమ్మేవారు అన్నారంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించేయండి.