కాలిపోయి మళ్లీ లేచిన కోట: భూటాన్‌లో వాంగ్డీ ఫోడ్రంగ్

భూటాన్ వెళ్లే మనవాళ్లలో చాలామంది పునాఖా కోటతో సరిపెట్టుకుంటారు. దానికి దిగువన, కారులో గంటలోపే చేరగల వాంగ్డీ ఫోడ్రంగ్ జోంగ్‌ను (జోంగ్ అంటే కోట), అది కొత్త కట్టడమే కదా అని ట్రావెల్ ఏజెంట్లే పక్కన పెడుతుంటారు. నా మటుకు పట్టుబట్టి చూడవలసింది అదే.

ఒకే ప్రాకారంలో బౌద్ధ మఠమూ జిల్లా కచేరీలూ ఉండే ఈ కోటను, భూటాన్‌ను ఒక్కటి చేసిన లామా షబ్‌డ్రుంగ్ నవాంగ్ నామ్‌గ్యాల్ 1638లో, రెండు నదులు కలిసే చోట, కొండకొమ్ము మీద కట్టించాడు. 2012 జూన్ 24న అగ్నిప్రమాదంలో అది దాదాపు పూర్తిగా కాలిపోయింది. భారత ప్రభుత్వ ఆర్థిక సాయంతో పునర్నిర్మాణం సాగి, 2022 నవంబరులో మళ్లీ ప్రతిష్ఠ జరిగింది. పైకి పోయేకొద్దీ లోపలికి వాలే తెల్లని రాతిగోడలు, కప్పుకింద ఎర్రమట్టి రంగు పట్టీ, చెక్కలో చెక్క దూరి బిగుసుకునేలా అమర్చి పూలు, మేఘాలు చిత్రించిన కిటికీలు, అన్నీ పాత పద్ధతిలోనే ఉన్నాయి. నది అవతల కనిపించే రించెన్‌గాంగ్ తాపీ పనివారికి పేరుపడిన ఊరు. ఇలాంటి పని తెలిసిన చేతులు అక్కడ ఇంకా ఉన్నాయి.

రంగులు కాస్త కళ్లు చెదిరేలా ఉన్నమాట నిజమే. నేతిదీపాల పొగ ఇంకా పట్టలేదు. అయితే మనం పాతదని మెచ్చుకునే పునాఖా కూడా 1994 వరదలో దెబ్బతిని, బాగుచేశాక 2003లో తిరిగి ప్రతిష్ఠ పొందినదే. మన నాగార్జునకొండ కట్టడాలను జలాశయం ముంచకుండా పైకి తరలించి పేర్చాం, కానీ అక్కడ మిగిలింది ప్రదర్శనశాల. వాంగ్డీలో మాత్రం ఒక ముంగిట గుమస్తాలు ఫైళ్లు మోస్తుంటే, మరో ముంగిట చిన్న భిక్షువులు పాఠం వల్లిస్తుంటారు.

బస విషయానికొస్తే, కోట కింద ఉన్న బాజో పట్టణంలో హోటళ్లు చవకే గాని, మేము దిగినచోట వేడినీళ్ల కోసం రెండుసార్లు కిందికి దిగి అడగవలసి వచ్చింది. పునాఖా లోయలోని రైతుల ఇళ్లలో బస కొంత ఖరీదైనా, వేడిరాళ్లు వేసి కాచిన నీళ్లలో స్నానం, ఎర్రబియ్యం అన్నం, మిరపకాయలనే కూరగా వండే ఎమా దట్సీ ఆ తేడాకు తగినవే. భారతీయులు మనిషికి రాత్రికి 1,200 రూపాయల పర్యాటక రుసుము భూటాన్ ప్రభుత్వానికి విడిగా చెల్లించాలి. మన నోట్లే చెల్లుతాయి. గైడ్ ఖర్చు దండగ అనుకోనక్కరలేదు, ఏ ముంగిలి ఎవరిదో, ఎక్కడ ఫోటో తీయకూడదో చెప్పేది అతడే.

లోపలికి పొడుగు చేతుల బట్టలు వేసుకుని, టోపీ తీసి వెళ్లాలి. మధ్యాహ్నం దాటితే ఆ కొమ్ము మీద గాలి నిలవనీయదు కనుక ఉదయమే బయలుదేరడం మేలు.