ఆటోగ్రాఫ్ బేస్‌బాల్ కొంటున్నారా? సంతకం కంటే ముందు బంతి మీది ముద్ర చదవండి

అమెరికాలో ఆటోగ్రాఫ్ బంతులు కొంటున్న మనవాళ్లందరికీ హెచ్చరిక. పాతతరం బేస్‌బాల్ స్టార్ జో డిమాజియో సంతకమంటూ ఆన్‌లైన్‌లో అమ్మిన ఒక బంతి నకిలీదని తేలింది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. రెండు కుట్లూ దగ్గరకొచ్చే ఇరుకు చోట, అంటే స్వీట్ స్పాట్ మీద, నీలం బాల్‌పెన్నుతో సంతకం పొందిగ్గా ఉంది. హోలోగ్రామ్ అంటించిన సర్టిఫికెట్ కూడా జతచేశారు. బంతిని ఇటు తిప్పితే మాత్రం మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) అధిపతి, అంటే కమిషనర్, బడ్ సీలిగ్ పేరుతో అచ్చు ముద్ర. డిమాజియో చనిపోయింది 1999 మార్చి 8న. మామూలు మ్యాచ్ బంతుల మీదికి సీలిగ్ పేరు వచ్చింది 2000 సీజన్ నుంచి. మనిషి పోయాక తయారైన బంతి మీద ఆయన సంతకం ఎలా వస్తుంది?

అందుకే ముందు ముద్ర చదవండి. ఎంఎల్‌బీలో రెండు లీగ్‌లు. 1999 దాకా అమెరికన్ లీగ్ బంతి వేరు, నేషనల్ లీగ్ బంతి వేరు. ఏ లీగ్ బంతి మీద ఆ లీగ్ అధ్యక్షుడి పేరుండేది. అమెరికన్ లీగ్‌లో విల్ హ్యారిడ్జ్ 1959 దాకా, జో క్రోనిన్ 1973 దాకా, లీ మెక్‌ఫెయిల్ 1983 దాకా, బాబీ బ్రౌన్ 1994 దాకా, ఆ తర్వాత జీన్ బ్యూడిగ్. 2000 నుంచి బంతి మీద కమిషనర్ పేరే. 2015 నుంచి రాబ్ మాన్‌ఫ్రెడ్ కమిషనర్. స్టార్ ఆటగాళ్లు టెడ్ విలియమ్స్ 2002లో, టోనీ గ్విన్ 2014లో పోయారు కాబట్టి మాన్‌ఫ్రెడ్ బంతి మీద వాళ్ల సంతకాలు కనిపిస్తే ఇక బేరం మాట్లాడే పనే లేదు. వరల్డ్ సిరీస్ బంతుల మీద ముందునుంచే కమిషనర్ పేరుండేది, వాటిని ఈ లెక్కలో కలపకండి.

తెలివైన దొంగ పాత ఖాళీ బంతి వెతికి తెచ్చుకుంటాడు. అప్పుడు సిరా చూడాలి. అమెరికాలో బాల్‌పెన్ను అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరులో. స్టార్ ఆటగాడు లూ గెరిగ్ 1941లోనే పోయాడు. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది, మరో స్టార్ బేబ్ రూత్ 1948లోనే పోయాడు.

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి కొనండి, ఖరీదు తక్కువే. పాత తోలు మీద సన్నని పగుళ్లుంటాయి. సంతకం పాతదైతే గీతతోపాటే తోలు కూడా పగిలి ఉంటుంది, పగులు లోపల సిరా ఉండదు. ముసలి తోలు మీద కొత్తగా రాస్తే సిరా పగుళ్లలోకి దిగి, గీత అంచులు వేళ్లు పాకినట్టు పక్కలకి పాకుతాయి. మా దృష్టిలో ఫొటోలో దాచలేని ఆనవాలు ఇదే. అందుకే ఆ చోటుని దగ్గరగా తీసిన ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. యువీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేస్తే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బంతి అని చెప్పినదాని దారం నీలంగా మెరిసిపోకూడదు. అలా మెరిసే రసాయనాలు ఆ తర్వాత వచ్చినవి.

గీత నడక సంగతి. చెయ్యి తిరిగినవాడి సంతకం వేగంగా సాగి చివర్లో సన్నబడుతుంది. చూసి గీసినది అంతా ఒకే మందంగా, మొదలూ చివరా మొద్దుగా ఉంటుంది, మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ ఆనించిన చుక్క దొరుకుతుంది. వయసు మీదపడిన ఆటగాడి చేతి వణుకు వేరు, ఒక్క వణుకు చూసి తీర్పు చెప్పకండి. స్టార్ల తరఫున క్లబ్‌హౌస్ (జట్టు గది) సిబ్బంది పెట్టిన సంతకాలూ ఉన్నాయి. సావనీర్ బంతుల మీద జట్టు సంతకాలన్నీ అచ్చువే: ఒకే రంగు, తోలు మీద పెన్ను నొక్కు ఉండదు.

ఇక సర్టిఫికెట్. అమ్మేవాడే రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. నకిలీ సంతకాల మీద ఎఫ్‌బీఐ జరిపి, 1999లో బయటపడిన ఆపరేషన్ బుల్‌పెన్ దర్యాప్తులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ కూడా దొరికింది! ఎంఎల్‌బీ హోలోగ్రామ్ పద్ధతి ఆ తర్వాత, 2001లో మొదలైంది. అందులో సాక్షి కళ్లముందు జరిగినదాన్నే ధ్రువీకరిస్తారు. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు: హోలోగ్రామ్ అసలుదే అయినా, అది ఆ బంతి మ్యాచ్‌లో వాడారని మాత్రమే చెప్పవచ్చు. సంతకం ఆ తర్వాత ఎవరో పెట్టి ఉండొచ్చు. హోలోగ్రామ్ మీది నంబరు ఎంఎల్‌బీ సైట్‌లో కొట్టి, వివరంలో ఆటోగ్రాఫ్ అని ఉందో లేదో చదవండి. సంతకాలు పరీక్షించే సంస్థలైన పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ ఇచ్చే నంబర్లు కూడా వాళ్ల సైట్లలోనే వెతకండి, ఫొటో ఉంటే అక్షరం అక్షరం పోల్చండి. అసలు నంబరు కాపీకొట్టి స్టిక్కర్ అచ్చేయడం దొంగలకు కష్టం కాదు.

డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. జెల్ (Zelle), పేపాల్ ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ ద్వారా పంపమని అడిగితే ఒప్పుకోవద్దు, వాటిలో కొనుగోలుదారుకి రక్షణ లేదు. ఇప్పటికే కొనేసుంటే బంతిని తుడవకండి, స్టిక్కర్ పీకకండి. ప్రకటన మాయమవక ముందే స్క్రీన్‌షాట్లు తీసి, గడువులోగా రిఫండ్ అడగండి, ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ ఫిర్యాదుల కేంద్రంలో కూడా నమోదు చేయండి. నష్టం పూడ్చుకుందామని దాన్ని ఇంకొకరికి మాత్రం అంటగట్టకండి.