పీహెచ్‌డీకి ముందు ఈ కోర్సు చేసి చూడండి

గణితంలో ఎం.ఎస్సీ. అయ్యాక రెండేళ్లుగా ఒకటే టెన్షన్. థియరిటికల్ న్యూరోసైన్స్‌లో (మెదడు పనితీరును గణితంతో అర్థం చేసుకునే శాస్త్రం) పీహెచ్‌డీకి వెళ్లాలా, ఇప్పుడున్న మెషిన్ లెర్నింగ్ ఉద్యోగంలోనే ఉండిపోవాలా? అడిగిన వాళ్లంతా జీతాల గురించి, పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధన ఉద్యోగాల్లో గడిచే పోస్ట్‌డాక్ ఏళ్ల గురించి చెప్పారు. రోజూ కూర్చుని చేసే పని ఎలా ఉంటుందో మాత్రం అదే రంగంలో న్యూరోమ్యాచ్ అకాడమీ వాళ్లు నడిపే కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ కోర్సులోనే తెలిసింది.

ఇది 2020లో మొదలైన ఆన్‌లైన్ సమ్మర్ స్కూల్. మూడు వారాలు, రోజంతా క్లాసులే. చేరినవాళ్లకు చిన్న బృందం, టీచింగ్ అసిస్టెంట్, ప్రాజెక్టు ఉంటాయి. ఫీజు మనం ఉండే దేశంలోని ఖర్చులను బట్టి మారుతుంది. పాఠాలు, వీడియోలు, పైథాన్ నోట్‌బుక్‌లు మాత్రం అందరికీ ఉచితం. సెలవు దొరక్క నేను వాటినే సాయంత్రాలు చేసుకుంటూ వచ్చాను, నాలుగు నెలలు పట్టింది.

మొదటి పాఠమే నన్ను కట్టిపడేసింది. చిట్టెలుకల మెదడులో 42 ప్రాంతాల నుంచి దాదాపు 30 వేల న్యూరాన్లను (నాడీకణాలను) రికార్డు చేసిన స్టైన్‌మెట్జ్ బృందం డేటాలో ఒక భాగం చేతికిస్తారు. న్యూరాన్ పంపే క్షణకాలపు విద్యుత్ సంకేతమే స్పైక్. ఒక న్యూరాన్‌లో స్పైక్‌కీ స్పైక్‌కీ మధ్య వ్యవధులను గీస్తే, గ్రాఫ్ ఎడమవైపు ఎత్తుగా లేచి కుడివైపుకు సన్నగా జారిపోతుంది. ఇది ‘ఏమిటి’ అన్న ప్రశ్న. తర్వాత ఒక చిన్న న్యూరాన్ మోడల్ రాయిస్తారు. ఉత్తేజపరిచే ఇన్‌పుట్లతో పాటు అణిచే ఇన్‌పుట్లు కూడా కలిపితే దాదాపు అదే ఆకారం వస్తుంది. ఇది ‘ఎలా’. చివరికి ఎంట్రపీ, అంటే అనిశ్చితిని కొలిచే లెక్క. సగటు వ్యవధి ఒకటే అయినప్పుడు, ఎక్కువ సమాచారాన్ని మోయగలిగేది ఆ ఆకారమే. ఇది ‘ఎందుకు’. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఉద్యోగంలో నేను గ్రాఫ్‌కు సరిపోయే సమీకరణం దొరకగానే ఆగిపోతాను, మిగతా రెండు ప్రశ్నలూ అడిగే అవసరమే రాదు. నాకు కావలసింది ఆ రెండే.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (బహుమతుల ద్వారా నేర్చుకోవడం) పాఠం రోజు ఇంకో సంగతి అర్థమైంది. ముందు వేసిన అంచనాకూ తర్వాత తెలిసినదానికీ ఉన్న తేడా నుంచి కంప్యూటర్ నేర్చుకోవడం కోసం పుట్టిన టెంపొరల్ డిఫరెన్స్ పద్ధతికీ, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే న్యూరాన్ల తీరుకూ ఉన్న పోలికను 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ కలిసి రాశారు. షుల్ట్జ్ కోతుల మెదడులో రికార్డింగులు చేసిన ప్రయోగకారుడు, మిగతా ఇద్దరూ సిద్ధాంతం వైపు నుంచి వచ్చినవాళ్లు. అందుకే ల్యాబ్ చూసుకునేటప్పుడు, ‘మీరు ఏ ప్రయోగశాలతో కలిసి పనిచేస్తారు?’ అన్నదే నేను మొదట అడగబోయే ప్రశ్న.

లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత బాగా తెలియకుండా దీన్ని మొదలుపెట్టకండి. ఒక్కరోజుకని పెట్టిన లీనియర్ సిస్టమ్స్ పాఠానికి, గణితం చదివిన నాకే రెండు వారాలు పట్టింది. ఏఐ ఉద్యోగమే లక్ష్యమైతే దీనికన్నా దగ్గరి దారులున్నాయి.

ఒంటరిగా చేస్తే అందనిది ప్రాజెక్టు ఒక్కటే. మన ఊహను ఇంకొకరు ప్రశ్నించే అవకాశం ఇంట్లో దొరకదు. అందుకే ఈసారి మూడు వారాలు సెలవు పెట్టి, ఫీజు కట్టి చేరుతున్నాను. పీహెచ్‌డీ అప్లికేషన్లు ఆ ప్రాజెక్టు పూర్తయ్యాక పంపుతాను.